కొత్త రెవిట్, పాత రెవిట్ మధ్య ఐఎఫ్‌సీ: రెండేళ్ల వాడకం తర్వాత

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మాది చిన్న డిజైన్ ఆఫీసు. స్ట్రక్చరల్ ఇంజినీరు గారు విశాఖలో ఉంటారు. బిల్డింగ్ త్రీడీ మోడల్ గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో మేము 2024 వెర్షన్‌కి మారాం, ఆయన 2022లోనే ఉండిపోయారు. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్ పాతదాంట్లో తెరుచుకోదు. పాత వెర్షన్‌కి సేవ్ చేసే వెసులుబాటు కూడా రెవిట్‌లో లేదు. అందుకే రెండేళ్లకు పైగా ఆయనకీ మాకూ మధ్య ఐఎఫ్‌సీ (మోడల్‌ని పంచుకునే ఉమ్మడి ఫార్మాట్) ఫైళ్లే తిరుగుతున్నాయి.

దీని విలువ మాకు తెలిసింది టెక్కలి వైపు కట్టిన ఒక కల్యాణ మండపం పనిలో. ఆయన పంపిన 2022 మోడల్‌ని మా ఆఫీసులో 2024లో తెరిచి, అదే పేరుతో సేవ్ చేశాం. తెరిచేటప్పుడు మోడల్ అప్‌గ్రేడ్ అవుతోందని మెసేజ్ వచ్చింది, ఎవరూ ఆగి చదవలేదు. మూడు రోజులు అందులోనే పనిచేసి తిరిగి పంపాం. వెంటనే ఫోన్: "ఏటి బాబూ, ఇది తెరుచుకోవట్లేదు!" అవతల సెంటరింగ్ పని మొదలైపోయింది, స్లాబు తేదీ ముంచుకొస్తోంది. ఆ టెన్షన్‌లో 2022ని కూడా అదే కంప్యూటర్‌లో వేసుకుని మూడు రోజుల పనీ మళ్లీ చేశాం. రెండు వెర్షన్లూ పక్కపక్కనే నడుస్తాయి, ఆ ఇబ్బంది లేదు.

ఆ తర్వాత ఐఎఫ్‌సీకి వచ్చాం. ఇది అంతర్జాతీయ ప్రమాణం (ఐఎస్ఓ 16739), ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌కీ చెందదు. ఆయన ఫైల్‌ని మా మోడల్‌లోకి లింక్ చేస్తే, అంటే దిద్దకుండా చూడటానికి మాత్రం తెచ్చుకుంటే, కాలమ్, బీమ్, స్లాబు దేని పేరుతో అది కనబడుతుంది. భోజనాల హాల్లో ఒక బీమ్ మా తలుపు పైభాగాన్ని కోసుకుంటూ దిగడం అలాగే పట్టుకున్నాం. సైట్‌లో మేస్త్రి చెప్పేదాకా ఆగి ఉంటే కాంక్రీటు పగలగొట్టాల్సి వచ్చేది. ఈ ఒక్క మేలుకే నేను దీన్ని వదలను.

అయితే చూడటానికి, సరిపోల్చుకోవడానికే ఇది. అవతలివాళ్ల మోడల్‌ని మనం కొనసాగించి దిద్దడానికి పనికిరాదు. లింక్ చెయ్యకుండా నేరుగా తెరిస్తే మెట్లు ముద్దలా వస్తాయి. మెట్టు ఎత్తు మారుద్దామంటే మార్చే చోటే ఉండదు. కిటికీల ఫ్యామిలీలు (రెడీమేడ్ భాగాలు) కొలత మారిస్తే సాగే గుణం పోగొట్టుకుంటాయి. దిద్దాల్సింది ఏదైనా ఉంటే ఆయనే దిద్ది మళ్లీ పంపాలి, మేము లింక్ రీలోడ్ చేసుకోవాలి.

మొదటిసారి ఆయన కాలమ్స్ మా గోడలకి ఎక్కడో దూరంగా పడ్డాయి. ఎక్స్‌పోర్ట్‌లో కొలతలు మొదలయ్యే బిందువుగా నేను సర్వే పాయింట్ ఎంచుకున్నాను, ఆయన ప్రాజెక్ట్ బేస్ పాయింట్. ఇద్దరూ ఒకటే పెట్టాక సర్దుకుంది. ఐఎఫ్‌సీలో మేము 2ఎక్స్3 అనే వెర్షన్ మీదే ఉన్నాం. వచ్చిన ఫైల్ ఏ రకమో అనుమానం వస్తే నోట్‌ప్యాడ్‌లో తెరవండి, మొదటి వరుసల్లోనే రాసి ఉంటుంది. ఎక్స్‌పోర్ట్‌కి వేరే త్రీడీ వ్యూ పెట్టుకుని, అందులో కనిపించేవి మాత్రమే పంపమని టిక్ చెయ్యండి. లేకపోతే కుర్చీలు, చెట్లు అన్నీ అవతలివాళ్ల నెత్తిన పడతాయి.

టూడీ డ్రాయింగ్‌లకి ఇంత బాధ లేదు. ఆటోకాడ్‌లో పాత ఫార్మాట్‌కి సేవ్ చేసి పంపితే సరిపోతుంది.

ఐఎఫ్‌సీకి ఐదుకి మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరా ఆ మెట్లకే. మొన్న ఆమదాలవలసలో ఒక ఇల్లు ఒప్పుకున్నాం. మొదటి ఫోన్‌లోనే ఇంజినీరు గారిని వెర్షన్ అడిగి, ఫోల్డర్ పేరులోనే 2022 అని రాసి, పునాది నుంచి ఆ వెర్షన్‌లోనే గీస్తున్నాం.