గంటస్తంభం దగ్గరి ముత్యాల కొట్టు: సరుకు మంచిదే, మాటే తేడా

విజయనగరం గంటస్తంభం దగ్గరున్న ఈ కొట్టులో ముత్యాలు అసలువే. పంటికి రాస్తే సన్నగా గరగరలాడతాయి, గాజువైతే జారిపోతాయి. బెజ్జాల అంచున పెచ్చు లేవలేదు. కానీ ‘సహజం’ అని చెప్పి అమ్మడం బాగోలేదు. ఇవి మంచినీటి ఆల్చిప్పల్లో పెంచినవి. ఒక ఆల్చిప్ప మాంటిల్ పొరలోంచి (చిప్పను తయారుచేసే మెత్తని కండ పొర) చిన్న ముక్క కోసి ఇంకోదానిలో నాటితే, ఆ కణాలు సంచిలా పెరిగి లోపల పొర మీద పొర పోస్తాయి. నడుమ గుండ్రటి పూస పెట్టరు కాబట్టే నిండు గుండ్రనివి తక్కువ, బియ్యపుగింజ ఆకారాలే ఎక్కువ. (సహజ ముత్యానికీ ఆ సంచే ఆధారం, ఇసుక రేణువు చుట్టూ ముత్యం పుడుతుందన్నది చాలావరకు కథే.)

గుచ్చడం చక్కగా ఉంది. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేశారు, దారం తెగినా అన్నీ రాలవు. కొక్కెం మాత్రం నాసిరకం, మార్పించుకోండి. సెంటు ఆరాకే వేసుకోవాలి, తీశాక చెమట తుడవాలి. లేదంటే మెరుపు పోతుంది.