దేవమాలి నడకకు బండి మేలా, బస్సు మేలా?

మా రాయగడ నుంచి దేవమాలికి మూడు రోజుల నడక అనుకున్నప్పుడల్లా ఇంట్లో పేచీ కొండ గురించి కాదు, అక్కడికి ఎలా చేరాలన్నదే. మా బావది ఒకటే మాట: "చేతిలో బండి ఉండగా బస్సు కోసం పడిగాపులెందుకురా?" రెండు రకాలుగానూ వెళ్లొచ్చాక చెప్తున్నాను. నడవడానికే అయితే బండి ఇంట్లో వదిలేయండి.

బండి సుఖం కాదనను. లక్ష్మీపూర్ మీదుగా వెళ్తూ ఎక్కడ టీ తాగాలనిపిస్తే అక్కడ ఆగొచ్చు. 1672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ ఇది. అయినా ఇప్పుడు దాదాపు పైదాకా రోడ్డుంది. సూర్యోదయం చూసి, ఫొటోలు దిగి, మధ్యాహ్నానికి వచ్చేసేవాళ్లకు బండే మేలు.

నడిచేవాడికే చిక్కు. బండి ఎక్కడ పెట్టామో అక్కడికే తిరిగి రావాలి. మొదటిసారి కొండ కింద ఊళ్లో ఒక పెద్దాయన ఇంటిముందు పనసచెట్టు కింద పెట్టాం. మూడోరోజు పొద్దున్న పొట్టంగి వైపు లోయ కళ్లెదుట ఊరిస్తుంటే, వెనక్కి తిరిగి ఎక్కిన దారే దిగాం. వచ్చి చూస్తే సీటు మీద కోడి పడుకుని ఉంది. రాత్రి చలికి ఇంజిన్ బిగుసుకుపోయింది. బావ అరగంట కిక్కు కొట్టాడు. పెద్దాయన నవ్వుకుంటూ రాగి అంబలి పోశాడు, దానికోసమైనా మళ్లీ వెళ్లొచ్చు!

రెండోసారి రైల్లో కోరాపుట్, అక్కణ్ణుంచి బస్సులో సెమిలిగుడ. గురువారం రాత్రి అక్కడే పడుకున్నాం, ఎందుకంటే శుక్రవారం కుందులి సంత. సంత అయ్యాక కొండ ఊళ్లకు తిరిగెళ్లే జీపులో ఎండుచేపల గంపల పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. మిగతా రోజుల్లో అలాంటి జీపు దొరకడం గగనమే. కొండెక్కి, ఊరి కుర్రాణ్ణి దారికి తోడు తీసుకుని అటుపక్క పొట్టంగి వైపు దిగాం. 26వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కి, సుంకి ఘాట్ దిగి, సాలూరు, పార్వతీపురం మీదుగా ఇంటికి. నడిచిన దారి మళ్లీ నడవాల్సిన పని పడలేదు.

విశాఖ నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట. కిరండూల్ లైనులో అరకుకు ముందు సిమిలిగూడ అని స్టేషనుంది, అది ఆంధ్రాలో. కోరాపుట్ జిల్లా సెమిలిగుడ వేరే ఊరు. పేరు చూసి అక్కడ దిగిపోకండి, కోరాపుట్ దాకా రండి.

బస్సుతో తలనొప్పులు లేవా అంటే ఉన్నాయి. సామానంతా వీపు మీదే. శిఖరం బోడిగా ఉంటుంది, గడ్డి తప్ప నీడ లేదు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోయాల్సిందే. చివరి బస్సు టెన్షన్ సరేసరి. అందుకే ఆఖరి రోజు తెల్లారగానే బయల్దేరి, మధ్యాహ్నానికి రోడ్డెక్కేలా చూసుకోవాలి. వేసవిలో అయితే సాయంత్రం పిడుగుల భయం కూడా ఉంటుంది కాబట్టి నేను నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే వెళ్తాను.

నలుగురైదుగురు ఉంటే జీపు మాట్లాడుకోవచ్చు, కానీ వెళ్లేటప్పుడు మాత్రమే. మూడు రోజులు దాన్ని కొండ కింద ఉంచితే వెయిటింగ్ డబ్బులు దండగ. ఈమధ్య మా బావ కూడా దారికొచ్చాడు. బండి రాయగడ స్టేషను స్టాండులో పెట్టి రైలెక్కుతున్నాడు.