మూడేళ్ల స్క్రమ్: 'అయిపోయింది' అన్న ఒక్క మాట కోసం

స్క్రమ్ అంటే పనిని స్ప్రింట్ అనే చిన్న చిన్న విడతలుగా కోసుకుని టీంగా చేసే పద్ధతి. స్ప్రింట్ ఎంతకాలం ఉండొచ్చో, రోజూ ఎందుకు కలుసుకోవాలో ఇక్కడ రాయను. అవన్నీ దాని నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్‌లో ఉన్నాయి. 2020 నవంబరులో వచ్చిన కూర్పు 13 పేజీలే, డబ్బు కట్టక్కర్లేదు. నేను టెస్టర్‌ని. మాదాపూర్‌లో ఏడుగురం ఉన్న టీంలో మూడేళ్లుగా స్క్రమ్‌తోనే పని చేస్తున్నాం. ఇందులో నాకు ప్రాణంతో సమానమైంది ఒక్కటే: డెఫినిషన్ ఆఫ్ డన్. ఏయే షరతులు తీరితే పని పూర్తయినట్టో టీం ముందే రాసిపెట్టుకునే మాట.

మన దగ్గర 'అయిపోయింది' అనే మాట ఎంతైనా సాగుతుంది. "అయిపోయిందా తమ్ముడూ?" అంటే "అయిపోయినట్టే అక్కా" అంటారు. ఇంకొకరు "నా వైపు నుంచి అయిపోయింది" అంటారు. రెండిట్లో ఏదీ అయినట్టు కాదు. మిగిలిందంతా స్ప్రింట్ ఆఖరి రెండు రోజుల్లో టెస్టర్ నెత్తిన పడుతుంది.

మేం చేసేది మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. మొదటి ఏడాది ఒక స్ప్రింట్ రివ్యూకి, అంటే విడత చివర చేసిన పని చూపించే సమావేశానికి, కోఠిలో షాపు నడిపే ఒక పెద్దాయనను పిలిచాం. ఆ విడత చూపించాల్సింది బిల్లు రద్దు. ఆ పని రాసిన కార్డు రివ్యూ రోజు పొద్దున్నే బోర్డు మీద 'డన్' కిందకు వెళ్లింది, నేను దాన్ని ముట్టుకోనేలేదు. డెవలపర్ ఒక బిల్లు వేసి, రద్దు చేసి చూపించాడు. బాగానే వచ్చింది. పెద్దాయన "ఓసారి నేను చెయ్యనా బాబూ" అని మౌస్ తీసుకున్నారు. పది మాత్రల స్ట్రిప్‌లోంచి నాలుగు కత్తిరించి అమ్మినట్టు బిల్లు వేసి, రద్దు నొక్కారు. స్టాకులోకి నాలుగు తిరిగి రావాలి. పది వచ్చాయి. లేని ఆరు మాత్రలు లెక్కలో పుట్టుకొచ్చాయి.

"మా దగ్గర కత్తెర పడని స్ట్రిప్పులు తక్కువమ్మా. ఇలాగైతే నెలాఖరుకు నా లెక్క ఎక్కడ తేలుతుంది?" అన్నారు. గొంతు పెంచలేదు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేదాకా నా కళ్ల ముందు ఆ ఆరు మాత్రలే.

స్ప్రింట్ ముగిశాక ఏం మార్చుకోవాలో మాట్లాడుకునే రెట్రోలో గైడ్ మళ్లీ తెరిచాం. డెఫినిషన్ ఆఫ్ డన్‌కు తూగని పనిని విడుదల చేయకూడదు సరే, రివ్యూలో చూపించనే కూడదని, అది ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్‌కు, అంటే ఇంకా చేయాల్సిన పనుల జాబితాకు, తిరిగి వెళ్లాలని అందులో స్పష్టంగా ఉంది. అందరం అంతకుముందు చదివిందే. ఆ రోజే ఆరు వాక్యాలు రాసి బోర్డు పక్కన అంటించాం. 'రాసినవాళ్లు కాక ఇంకొకరు పరీక్షించారా', 'విడి మాత్రలతో చూశామా' అన్నవి అందులోవే. రెండోది ఆ పెద్దాయన పుణ్యమే.

తర్వాత కొన్ని స్ప్రింట్లు పూర్తయిన కార్డులు తగ్గాయి, మేనేజర్‌కు టెన్షన్ పట్టుకుంది. ఆ సమయంలోనే ఒక రివ్యూ ముందురోజు మా టీంలో అందరికన్నా చిన్నవాడు తన కార్డును తనే వెనక్కి జరిపి, "అక్కా, ఎక్స్‌పైరీ దాటిన బ్యాచ్‌తో చూడలేదు, రేపు చూపించను" అన్నాడు. అడగకుండానే ఒక డెవలపర్ నోట ఆ మాట వినడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆ నిమిషం ఇప్పటికీ గుర్తుంది.

అమీర్‌పేటలో చేసిన రెండు రోజుల స్క్రమ్ క్లాసును అప్పట్లో అందరికీ గొప్పగా చెప్పాను. పేర్లు, సమయాలు నోటికి వచ్చేలా నేర్పారు, అది నిజం. కానీ రోజూ కలిసే డెయిలీ స్క్రమ్‌లో మూడు ప్రశ్నలు (నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, అడ్డంకులేంటి) తప్పనిసరి అన్నారు, 2020 కూర్పులో అవి లేవు. పని ఎంత పెద్దదో అంచనా వేసే స్టోరీ పాయింట్లకు ఒక పూటంతా పోయింది, గైడ్‌లో ఆ మాటే లేదు. డెఫినిషన్ ఆఫ్ డన్‌కు దక్కింది ఒక్క స్లైడు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే ముందు గైడ్ రెండుసార్లు చదివి, తర్వాతే ఫీజు కట్టమంటున్నాను.

మా జాబితా కూడా దారి తప్పింది. ఒక దశలో 14 వాక్యాలై, ఎవరూ చదవకుండా టిక్కులు పెట్టడం మొదలైంది. కొట్టేసి మళ్లీ ఆరుకు తెచ్చాం.

మాది సొంత ప్రొడక్ట్, ఏడుగురం ఒకే గదిలో కూర్చుంటాం. తేదీలు క్లయింటే రాసిచ్చే ప్రాజెక్టుల్లో ఇది ఇంత బాగా నిలబడుతుందో లేదో చెప్పలేను. గచ్చిబౌలిలో సపోర్ట్ టీంలో ఉన్న నా స్నేహితురాలు, రోజూ వచ్చిపడే టికెట్లకు స్ప్రింట్ల కంటే కాన్‌బాన్ (విడతలు లేకుండా, చేతిలో పని అయ్యాకే ఇంకోటి తీసుకునే పద్ధతి) నయమంటుంది, కాదనలేను. నా మటుకు, స్ప్రింట్ ఆఖరి రోజున కూడా చీకటి పడకముందే మెట్రో ఎక్కుతున్నాను.