రైల్వే రేడియో వినడానికి ఏది మేలు: పాతిక డాలర్ల బావోఫెంగా, నూరు దాటిన యూనిడెన్ స్కానరా?

షికాగో శివార్లలోని నేపర్‌విల్, అరోరా చుట్టుపక్కల మనవాళ్లలో రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలు తక్కువేం కాదు, పిల్లల పేరు చెప్పి ప్లాట్‌ఫాం మీదికొచ్చే నాన్నలు అంతకంటే ఎక్కువ. నా చేతిలో స్కానర్ (రైల్వేవాళ్ల రేడియో మాటలు వినే పెట్టె) చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే: "అన్నా, పాతిక డాలర్లకు బావోఫెంగ్ వస్తుంటే దానికి నాలుగైదింతలు ఎందుకు పెట్టావ్?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో టైప్ చేసే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

పోటీలో ఉన్నవి నిజానికి మూడే. బావోఫెంగ్ యూవీ-5ఆర్, యూనిడెన్ బీసీ75ఎక్స్‌ఎల్‌టీ, యూనిడెన్ బీసీ125ఏటీ. మొదటిది మాట్లాడే వాకీటాకీ, మిగతా రెండూ వినడానికి మాత్రమే పనికొచ్చే స్కానర్లు. ఇక్కడి రైల్వేలు వాడే 160, 161 మెగాహెర్ట్జ్ చానెళ్లు మూడింట్లోనూ పడతాయి. సంభాషణలు చాలావరకు ఇంకా పాత అనలాగ్ పద్ధతిలోనే నడుస్తున్నాయి కాబట్టి డిజిటల్ రేడియో లేదే అని బాధపడక్కర్లేదు.

చాలామంది "రేంజ్ ఎంత?" అని మొదలుపెడతారు. నన్నడిగితే తేడా అంతా స్కానింగ్ వేగంలో, అంటే ఒక్కో చానెల్‌లో మాట ఉందా అని ఎంత త్వరగా చూసుకుంటూ పోతుందో దానిలో ఉంది. రైల్వే మాటలు నిమిషాల తరబడి సాగే కబుర్లు కావు. డిస్పాచర్ (ఆఫీసులో కూర్చుని రైళ్లను నడిపించే మనిషి) పిలుపు, ఇంజిన్‌లోంచి ఒక జవాబు, అంతే, ఐదారు సెకన్లలో అయిపోతుంది. పట్టాల పక్కనుండే, బండిలో లోపాలు పసిగట్టే డిటెక్టర్ యంత్రం బండి వెళ్లిపోయాక "నో డిఫెక్ట్స్" అని, ఇరుసులు ఎన్నో చెప్పి ఊరుకుంటుంది. బావోఫెంగ్ సెకనుకు మూడు నాలుగు చానెళ్లు మాత్రమే తిరుగుతుంది. ఇరవై చానెళ్లు పెట్టుకుంటే ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఐదారు సెకన్లు గడిచిపోతాయి, ఈలోగా మాట పుట్టి గిట్టిపోతుంది. యూనిడెన్ స్కానర్లు సెకనుకు డజన్లకొద్దీ చానెళ్లు తిరుగుతాయి, అందుకని పిలుపులో మొదటి ముక్క కూడా సాధారణంగా తప్పిపోదు.

ఇరవై చానెళ్లు ఎవరికి కావాలంటారా? మన దగ్గరే లెక్కేయండి. షికాగో నుంచి అరోరా దాకా మూడు ట్రాకుల బీఎన్‌ఎస్‌ఎఫ్ లైను (బీఎన్‌ఎస్‌ఎఫ్, సీఎన్, యూపీ అన్నీ ఇక్కడి రైల్వే కంపెనీలే), దీన్నే రేస్‌ట్రాక్ అంటారు, దాని రోడ్ చానెల్, అంటే మెయిన్ లైను మీది బళ్లు వాడే చానెల్, 161.100. పక్కన వ్యాగన్లను విడదీసి కలిపే ఇయోలా యార్డు. దాని మీదుగా దాటే సీఎన్ లైను. కొంచెం ఉత్తరానికి వెళ్తే యూపీ వాళ్ల జెనీవా సబ్‌డివిజన్, 161.040. రోషెల్ రైల్‌రోడ్ పార్కుకు వెళ్లారంటే బీఎన్‌ఎస్‌ఎఫ్, యూపీ లైన్లు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుపోయే చోట కూర్చుంటారు, అక్కడ రెండూ ఒకేసారి వినాలి. ఇక యార్డు చానెళ్లు, మెయింటెనెన్స్ వాళ్ల చానెళ్లు కలిపితే డజను ఎప్పుడో దాటిపోతుంది.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. గూడ్స్ బండి చివరి వ్యాగన్ వెనక తగిలించిన మెరుపు దీపం పెట్టెను చూసే ఉంటారు. ఇండియాలో గార్డు డబ్బా ఉండే చోట ఇక్కడ అదే ఉంటుంది. అది బ్రేక్ పైపులో గాలి ఒత్తిడి ఎంతుందో 457.9375 మీద దాదాపు నిమిషానికోసారి ఇంజిన్‌కు పంపుతుంటుంది. స్పీకర్లో వినిపించేది చిన్న కిచకిచ, అర సెకను కూడా ఉండదేమో. అది వినబడిందంటే ఎక్కడో రెండు మూడు మైళ్ల దూరంలో గూడ్స్ ఉన్నట్టే, కెమెరా తీసుకోవచ్చు. షికాగో లోకల్ రైళ్లయిన మెట్రా బళ్లకు ఈ పెట్టె ఉండదు కాబట్టి లోకల్ వస్తోందో గూడ్స్ వస్తోందో కూడా తేలిపోతుంది. నెమ్మదిగా తిరిగే రేడియో ఈ కిచకిచను పట్టుకుందంటే అది అదృష్టమే.

బావోఫెంగ్‌కు రెండో లోపం, సిటీలో దాని చెవులు గింగిరాలెత్తిపోతాయి. రిసీవర్ మొత్తం ఒక్క చిప్‌లో ఉంటుంది, దాని ముందు ఫిల్టర్లు అంతంతమాత్రం. 152 ప్రాంతంలో ఆసుపత్రి పేజర్లు, 162 పైన వాతావరణ రేడియో, ఎఫ్ఎం టవర్లు, ఇవన్నీ గట్టిగా కొడుతుంటే మధ్యలో ఉన్న బలహీనమైన రైల్వే సిగ్నల్ మునిగిపోతుంది. చాలామంది "యాంటెన్నా మార్చు, బాగుపడుతుంది" అంటారు. పల్లెల్లో నిజమే. నగరంలో మాత్రం పెద్ద యాంటెన్నా పెడితే రైల్వే సిగ్నల్‌తో పాటు ఆ గోల కూడా పెరుగుతుంది, కొన్నిచోట్ల ముందుకంటే అధ్వానమవుతుంది. యూనిడెన్‌కు కూడా ఈ రోగం అసలు లేదనను, కానీ చాలా తక్కువ.

మూడోది మాట్లాడే బటన్. రైల్వే చానెల్‌లో మనం మాట్లాడటం నేరం, హామ్ (సరదాగా రేడియో నడిపేవాళ్ల) లైసెన్స్ ఉన్నా సరే ఆ హక్కు రాదు. యార్డులో బళ్లను వెనక్కి నడిపేది రేడియోలో వినే మాటను నమ్ముకునే, అక్కడ ఎవరి పిల్లాడో బటన్ నొక్కి "హలో హలో" అంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? ఆరేళ్ల పిల్లాడి చేతికి ఇస్తానంటే నా ఓటు కచ్చితంగా స్కానర్‌కే.

అలాగని బావోఫెంగ్‌ను తీసిపారేయను. బడ్జెట్ ముప్ఫై లోపేనా, ఒకే లైను పక్కన ఉంటూ రెండు మూడు చానెళ్లు వింటే చాలా? అయితే అదే కొనండి, ఆ వాడకానికి స్కానింగ్ వేగంతో పనే లేదు. కొన్నాక రెండు పనులు తప్పనిసరి. ఒకటి, చర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చానెళ్లు ఎక్కించేటప్పుడు ప్రతి రైల్వే చానెల్‌కూ డూప్లెక్స్ అనే గడిలో ఆఫ్ అని పెట్టండి, ఇక బటన్ నొక్కినా గాల్లోకి ఏమీ పోదు. రెండు, మెనూలో స్కాన్ సెట్టింగ్ టీఓలో ఉంటే సీఓకు మార్చండి. టీఓలో ఉంటే డిస్పాచర్ ఇంకా మాట్లాడుతుండగానే రేడియో పక్క చానెల్‌కు వెళ్లిపోతుంది.

ఇక యూనిడెన్‌లలో ఏది? రెండింటి మధ్య ధర తేడా ఎక్కువ ఉండదు, సేల్ దొరికితే మరీ తక్కువ. బీసీ75లో 300 చానెళ్లు, బీసీ125లో 500. అన్ని చానెళ్లు ఎవరూ నింపరు గానీ బీసీ125లో చానెల్‌కు పేరు పెట్టుకోవచ్చు, నా మట్టుకు నాకు అదే ముఖ్యం. మాట వినబడగానే తెరమీద అంకెలు కాకుండా "యూపీ జెనీవా" అని ఇంగ్లిష్‌లో కనబడితే ఏ లైనులో బండి కదిలిందో ఆలోచించక్కర్లేదు. పది బ్యాంకులు, అంటే చానెళ్ల గుంపులుంటాయి, ఒక్కో రైల్వేకు ఒక్కో బ్యాంకు ఇచ్చి, వెళ్లే చోటును బట్టి అంకె నొక్కి ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. నేను కొన్నది ఇదే. ఒక జాగ్రత్త: బ్యాటరీల గదిలో చిన్న స్విచ్ ఉంటుంది, మామూలు ఆల్కలైన్ సెల్స్ వేస్తే దాన్ని ఆల్కలైన్ వైపుకే జరపాలి, లేకపోతే యూఎస్‌బీ పెట్టినప్పుడు చార్జ్ చేయకూడని సెల్స్‌ను చార్జ్ చేయబోతుంది.

దీంతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా అన్ని బ్యాండ్లకూ సర్దుకుపోయే రకం. పైన యాంటెన్నా తిప్పి తీసి మార్చుకోగల బీఎన్‌సీ కనెక్టర్ ఉంటుంది కాబట్టి లాగి పొడిగించే యాంటెన్నా ఒకటి కొని, అడుగున్నర పొడవుకు లాగి పెట్టండి. 161 మెగాహెర్ట్జ్ తరంగం పొడవులో పావు వంతు అంతే. స్కానర్ కొన్నాక ఖర్చు పెట్టదగ్గ తర్వాతి పది పదిహేను డాలర్లు ఇవే.

రైల్వేవాళ్లు ఫ్రీక్వెన్సీ చెప్పరు, చానెల్ నంబర్ చెబుతారు. "66 66కు రా" (మాట్లాడేదీ వినేదీ 66 మీదే అని) వినిపిస్తే 66ను 0.015తో హెచ్చించి 160.110 కలపండి, 161.100 వస్తుంది. దూరప్రాంత ప్రయాణికుల రైళ్లు నడిపే అమ్‌ట్రాక్ వాడే 54కు ఇదే లెక్క వేస్తే 160.920. ఈ ఒక్క లెక్క తెలిస్తే జాబితా లేకపోయినా కొత్త ఊళ్లో చానెళ్లు ఎక్కించుకోవచ్చు.

మిగతావి పెద్దగా చెప్పుకోవాల్సినవి కావు. ఫోన్ యాప్‌ల్లో వినిపించేది ఆలస్యంగా వస్తుంది, బండి దాటిపోయాక కబురు అందుతుంది. ఆరేడు వందల డాలర్ల డిజిటల్ స్కానర్ రైళ్ల కోసం మాత్రమే అయితే దండగ. సెకండ్‌హ్యాండ్‌లో పాత స్కానర్ చవగ్గా దొరికితే తీసుకోవచ్చు, కాకపోతే 2013లో ఒక్కో చానెల్ వెడల్పు తగ్గించాక పాతవాటిలో మాట కాస్త సన్నగా వినబడుతుంది, వాల్యూమ్ పెంచుకోవాలి.

ఇండియానా వైపు డ్రైవ్ చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, పోలీసు ఫ్రీక్వెన్సీలు అందే చేతి రేడియో కారులో పెట్టుకుని తిరగడం మీద అక్కడ ఆంక్షలున్నాయి. హామ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. సెలవులకు ఇంటికెళ్తూ కాజీపేటలోనో విజయవాడలోనో విందామని సూట్‌కేసులో మాత్రం వేసుకోకండి, లైసెన్స్ లేకుండా ఇలాంటివి దగ్గర ఉంచుకుంటే ఇండియాలో చట్టంతో చిక్కే. సెల్స్ తీసేసి ఇక్కడే డ్రాలో పెట్టి వెళ్లండి.