ఫోషాన్‌లో ఐదు జంతువులు: 680 యువాన్లు దండగ, 100 యువాన్లకి విద్య

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఆ మంట ఇంకా చల్లారలేదు. దక్షిణ చైనాలోని ఫోషాన్‌లో ‘ఒక్క రోజులో ఐదు జంతువుల కుంగ్‌ఫూ’ అని ఆన్‌లైన్‌లో చూసి నాకూ మా మేనల్లుడికీ కలిపి 1,360 యువాన్లు కట్టాను. మన డబ్బుల్లో పదహారు వేల పైచిలుకు. వాడు విజయవాడలో పదేళ్లుగా గోజు-ర్యు కరాటే చేస్తున్నాడు. ఆ కరాటే స్థాపకుడి గురువు హిగావొన్నా కాన్‌రియో చైనాలోని ఫుజౌలో నేర్చుకున్నాడనీ, దక్షిణ చైనా చూడందే తన విద్య సగమేననీ ఇల్లు హోరెత్తిస్తే బయల్దేరాం.

కోల్‌కతా నుంచి గ్వాంగ్జౌకి నేరు విమానం, అక్కణ్ణుంచి ఫోషాన్‌కి మెట్రో. ఏ ఇబ్బందీ లేదు.

ఆ క్లాసులో ముందు పట్టు బట్టలు తొడిగి అరగంట ఫొటోలు తీశారు. తర్వాత ఒక కుర్రాడొచ్చి పులి, చిరుత, పాము, కొంగ, డ్రాగన్, ఒక్కోదానికి పది నిమిషాల చొప్పున చేతులు ఎలా పెట్టాలో చూపించాడు. చివర్న సర్టిఫికెట్. పులి పంజాలో బలం ఎక్కణ్ణుంచి వస్తుందని మావాడు అడిగితే, అది పై క్లాసులో చెబుతాం, ఇంకో 2,000 అన్నారు. వాడు ఆ సర్టిఫికెట్ అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాడు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఈ జంతువుల విద్య హుంగ్ గార్ అనే దక్షిణ చైనా కుంగ్‌ఫూ పద్ధతిలోది. అందులో విద్యార్థి మొదట నేర్చేది పులిని లొంగదీసే కటా, అంటే ఒక క్రమంలో చేసే కదలికల వరుస. దాని తర్వాత పులి–కొంగ జంట కటా. ఐదు జంతువుల కటా ఆ రెండూ ఒంటబట్టాకే. పులితో ఎముక, చిరుతతో బలం, కొంగతో సత్తువ, పాముతో ఊపిరి, డ్రాగన్‌తో మనసు గట్టిపడతాయని వాళ్ల లెక్క. దాన్ని యాభై నిమిషాల్లో అమ్మడం విద్యకే అవమానం.

మర్నాడు జుమియావో గుడికి వెళ్లాం. టికెట్ 20 యువాన్లు, ఆ ఊళ్లో మేం పెట్టిన ఖర్చుల్లో బాగా గిట్టుబాటైనది ఇదే. 1925లో కన్నుమూసిన హుంగ్ గార్ గురువు వాంగ్ ఫేహుంగ్ స్మారక మందిరం ఆ ఆవరణలోనే ఉంది. పులి–కొంగ కటాని ఆయన శిష్యుడు లామ్ సాయ్‌వింగ్ అచ్చు వేయించబట్టే అది ఇన్ని దేశాలకు పాకింది. అక్కడ సింహ నృత్యం అయ్యాక సింహం తల పట్టి ఆడినాయన చెమట తుడుచుకుంటుంటే ఫోన్ అనువాదంతో మా గోడు చెప్పుకున్నాం. ఆయన నవ్వలేదు. సాయంత్రం ఏడింటికి తన సిఫూ, అంటే గురువు, దగ్గరికి తీసుకెళ్లాడు.

షాపుల వెనక సందులో మేడ మీద ఒకే గది. గంటన్నరకి మనిషికి 100. డెబ్బై దాటిన ఆ పెద్దాయన జంతువుల ఊసే ఎత్తలేదు. గుర్రమెక్కినట్టు మోకాళ్లు వంచి నిలబడమన్నారు. నేను రెండు నిమిషాలకే కూలబడ్డాను. మావాడు పన్నెండు నిమిషాలు నిలబడ్డాడు. అప్పుడు తన ముంజేతిని వాడి ముంజేతికి ఆనించి నొక్కారు. ఆ చెయ్యి రోకలిలా ఉందన్నాడు వాడు. పంజా పట్టినప్పుడు వేళ్లు కొంకర్లు పోనివ్వకూడదట, అరచెయ్యి ముందుకు తెరుచుకుని ఉండాలి, లాగేది మోచెయ్యి. కొంగ ముక్కుకి బలం మణికట్టులోంచి వస్తుంది. మోచేతులు లోపలికి పెట్టడం చూసి, “మా శాన్‌చిన్ కటాలో సెన్సే చెప్పేది ఇదే మావయ్యా” అన్నాడు మావాడు. వాడి గొంతు వణికింది.

మా ఆవిడ ఆ పూట వీధి చివర కొట్లో కూర్చుంది. ఫోషాన్‌లోనే ఉన్న షున్‌దే ప్రాంతం వాళ్ల గేదెపాల డబుల్ స్కిన్ మిల్క్, గిన్నె 15 యువాన్లు. మన జున్నుకి దగ్గరగా ఉంటుంది. గుడ్డు తెల్లసొన వేస్తారు, పట్టింపు ఉన్నవాళ్లు చూసుకోండి.

వెళ్లేవాళ్లకి నా మాట ఒక్కటే. ఇక్కణ్ణుంచి ఏ క్లాసూ బుక్ చేయొద్దు. గుడికెళ్లి, ఆట చూసి, ఆడినవాళ్లని అడగండి. బస గుడికి నడిచి వెళ్లేంత దూరంలో తీసుకోండి, మాకు రోజుకి 260 పడింది. ఆ రాత్రి మావాడు గోడ పట్టుకుని మెట్లెక్కాడు. మర్నాడు సాయంత్రానికి మళ్లీ 100 యువాన్లు ఇమ్మని అడిగాడు, ఇచ్చాను.