జీవాల బరువుతో మొదలయ్యే ఫోన్ క్లాసు: యలహంకలో ఉచిత డిజిటల్ శిక్షణ

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల గొర్రెల కాపరి కుటుంబాల ఆడవాళ్లకూ కుర్రకారుకూ యలహంకలో ఆదివారాలు నడిచే శిక్షణ ఇది. హిందూపురం రైళ్లు యలహంకలో ఆగుతాయి కాబట్టి, బెంగళూరులో పనికి కుదిరినవాళ్లే కాదు, ఊళ్లో ఉన్నవాళ్లూ వచ్చి పోతున్నారు.

అన్నిటికన్నా బాగున్నది లెక్కల క్లాసు. మామూలు కంప్యూటర్ క్లాసుల్లోలా జీతాల పట్టిక చూపించకుండా పొట్టేలు బరువు లెక్క కట్టిస్తారు. ముందుకాళ్ల వెనక టేపు చుట్టి ఛాతీ కొలత, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోవాలి. ఛాతీ కొలతను దానితోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో అంచనా బరువు వస్తుంది. ఛాతీ 28, పొడవు 26 అయితే దాదాపు 31 కిలోలు. టేపు వదులై ఛాతీ 29 అని రాసుకుంటే బరువు రెండు కిలోలకు పైగా పెరిగిపోతుంది. అందుకే ఒక్కో జీవాన్ని రెండుసార్లు కొలిపిస్తారు. ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి ఒక గడిలో సూత్రం రాసి కిందికి లాగితే మంద మొత్తం లెక్క తేలుతుంది. సంతలో దళారి నడుము తడిమి ధర చెప్పినప్పుడు మన దగ్గరా ఒక అంకె ఉంటుంది. ఈ ఒక్క క్లాసు కోసమైనా రావచ్చు.

యూపీఐ క్లాసు మాత్రం సగంలోనే ఆగిపోతోంది. యాప్‌లో ఖాతా కలిపేటప్పుడు బ్యాంకులో ఇచ్చిన నంబరు నుంచే ఎస్సెమ్మెస్ వెళ్లాలి. రెండు సిమ్ముల ఫోన్‌లో వేరే సిమ్ నొక్కినా, రీచార్జి అయిపోయినా ముందుకు కదలదు. పైగా చాలామంది ఆడవాళ్ల ఖాతాకు భర్త నంబరో కొడుకు నంబరో ఉంటుంది. ఆ ఫోన్ మందతో మేపుకు పోయి ఉంటుంది, ఇక ఓటీపీ ఎవరు చెప్పాలి? బ్యాంకులో సొంత నంబరు మార్పించుకుని రమ్మని చేర్చుకునే రోజే చెప్పాలి. చెప్పడం లేదు, ఇది పెద్ద లోపం.

ఇంటర్నెట్ లేకుండా, బటన్ ఫోన్‌తోనూ డబ్బు పంపే *99# పద్ధతికి పది నిమిషాలే ఇచ్చారు. జవాబు నొక్కడం ఆలస్యమైతే మెనూ మూసుకుపోతుంది. పక్కన కూర్చోబెట్టుకుని నాలుగైదుసార్లు చేయిస్తే గానీ చెయ్యి తిరగదు.

మోసాల పాఠం గట్టిగా చెప్పారు. పొట్టేళ్లు కొంటామని ఫోన్ చేసి, "అడ్వాన్సు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు" అంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. కొడితే మన డబ్బే పోతుంది. పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఎండాకాలం బ్యాచ్ తీసేయాలి. మేత వెతుక్కుంటూ మందలు దూరం పోయే రోజుల్లో కుర్రాళ్లు సగంలో మానేస్తారు. వచ్చేవాళ్లు పాసుపుస్తకం, డెబిట్ కార్డు, బ్యాంకుకిచ్చిన నంబరు సిమ్ వెంట తెచ్చుకోండి.