జాగ్రత్త: స్కరాంపెల్లా లేబుల్ చూసి అడ్వాన్స్ కట్టకండి

యూరప్‌లో ఉంటూ పాత ఇటాలియన్ వయొలిన్ కోసం వెతుకుతున్న మనవాళ్లు దయచేసి ఇది చదవండి. స్టెఫానో స్కరాంపెల్లా చేసిందంటూ ఒక డీలర్ నాకు అమ్మబోయిన వయొలిన్ ఆయనది కాదని తేలింది. కట్టిన అడ్వాన్స్‌లో సగమే వెనక్కి వచ్చింది.

స్కరాంపెల్లా 1843లో బ్రెషాలో పుట్టారు, మాంటువాలో స్థిరపడి 1925లో అక్కడే పోయారు. ఆయన పనిలో నునుపు తక్కువ, తెగువ ఎక్కువ. పై పలకలో f అక్షరం ఆకారంలో కోసే రెండు రంధ్రాలు, అంటే ఎఫ్ హోల్స్, ఒకేలా ఉండవు. మెడ చివర చుట్టలా చెక్కే స్క్రోల్ మీద ఉలి గుర్తులు కనిపిస్తూనే ఉంటాయి. నాదం మాత్రం హాలు చివరి వరుస దాకా వెళ్తుంది. అందుకే మంచి స్కరాంపెల్లా ధర లక్ష డాలర్లు దాటుతుంది. మోసానికి సందు దొరికేది కూడా ఆ మొరటుతనంలోనే. నాసిరకం పని ఏది చూపించినా "ఆయన చెయ్యే అంతండీ" అని సర్దిచెప్పేయొచ్చు. నాకూ అదే చెప్పారు.

కానీ ఆయన చేతిలో కత్తి తడబడదు. ఎఫ్ హోల్ వంకరగా ఉన్నా ఒక్క ఊపులో కోసినట్టుంటుంది. నాకు చూపించినదాంట్లో వంపు మధ్యలో కత్తి ఆగి మళ్లీ మొదలైన చోట చిన్న మెట్టు ఉంది, అది కనపడకుండా నల్లరంగు పూశారు. అనుమానమొచ్చి డెండ్రో పరీక్ష (చెక్కలోని వలయాలను బట్టి దాని కాలం తేల్చేది) చేయించాను. లేబుల్ మీద 1908 అని ఉంది. పై పలక స్ప్రూస్ చెక్కలో చివరి వలయమేమో 1930ల నాటిది! అంటే ఆయన పోయాక కూడా ఆ చెట్టు పెరుగుతూనే ఉంది.

ఈ పరీక్ష చెక్క కాలాన్నే చెబుతుంది, చేసిందెవరో చెప్పదు. ఆయన శిష్యుడు గయెటానో గాడ్డా చేసిన వయొలిన్లు గురువు పేరుతో అమ్ముడైన సందర్భాలున్నాయి. గాడ్డా కూడా గట్టి పనివాడే, గాడ్డా అని చెప్పి గాడ్డా ధరకు అమ్మితే నిక్షేపంగా కొనుక్కోవచ్చు.

అమ్మేవాళ్లు తామే రాసిచ్చే సర్టిఫికెట్‌ను నమ్మకండి. ఆ అమ్మకంతో సంబంధం లేని నిపుణుడికి చూపించండి. వయొలిన్ స్కరాంపెల్లాది కాదని తేలితే మొత్తం డబ్బు తిరిగిస్తామని కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. నా రసీదులో ఆ మాట లేదు, అందుకే మిగతా సగం కోసం ఇంకా లాయర్ చుట్టూ తిరుగుతున్నాను. ఆ వయొలిన్ మాత్రం అదే లేబుల్‌తో మళ్లీ అమ్మకానికి పెట్టారు. 1908 స్కరాంపెల్లా అని ఎవరైనా చూపిస్తే ముందు ఎఫ్ హోల్ లోపలి అంచు చూడండి.